ముందు చింగోలో, వెనక పోపులార్

నెంబరు ప్లేటు లేదమ్మా. ఎన్నిసార్లు అడిగినా లేదనే చెబుతాను. ఇంజనే లేనిదానికి నెంబరెవరిస్తారు, నువ్వే చెప్పు.

కాయితాలా? ఉన్నాయి, ఇంట్లో బోలెడున్నాయి. అన్నీ మా ఆయన గీసిన బొమ్మలు. వాటి మీద ఏ ఆఫీసు ముద్రా ఉండదు, మాతే టీ ఒలికిన మరకలుంటాయి.

బస్సు స్టాపు ముందు ఆపకూడదని నాకు తెలీదా తల్లీ. పుట్టి పెరిగింది మోంటెవీడియోలోనే. పసుపు గీత కనపడుతూనే ఉంది. కానీ కారైతే కదా ఆపినట్టు. ఇది ప్లైవుడ్డు. సంతలో కూరలమ్మే బండి చక్రాలు నాలుగు, వాటి మీద ప్లైవుడ్డు, దాని మీద రంగు. ఆ హెడ్‌లైటు దగ్గరకెళ్ళి చూడు. కేకు చేసుకునే పళ్ళెం అది. నాదే.

కంపెనీ పేరు రాయాలా? ముందు నుంచి చూస్తే చింగోలో, మన పిచ్చుక పేరు. వెనక నుంచి చూస్తే పోపులార్. నవ్వు, నవ్వితే తప్పేం లేదు. నీకు నవ్వొచ్చింది గానీ, ఆ రెండు పేర్ల మధ్య నా ఆయుష్షు సగం కరిగిపోయింది.

ఆగాగు, ఫోను పెట్టెయ్. ఎత్తుకుపోయే లారీని పిలవకు. లోపల మనుషులున్నారు.

ఇద్దరు. ముందు సీట్లో మా ఆయన, ఎల్బియో. వెనక సీట్లో మా బావగారు, వాల్దెమార్. మా ఆయనకి స్వయానా అన్న. కిటికీలోంచి చూడు, మసకమసకగా కనపడతారు. అది అద్దం కాదులే, ప్లాస్టిక్ కాగితం. చెయ్యి ఊపకు. వాళ్ళు ఊపరు.

ప్రాణాలకేం భయం లేదు. ముందు సగానికీ వెనక సగానికీ మధ్య నా చెయ్యి దూరేంత సందుంది. గాలి బ్రహ్మాండంగా ఆడుతుంది. బయటికి రాలేరు, అంతే. ఉన్నది ఒక్క తలుపు, ఆ తలుపు చెట్టుకి ఆనుకుపోయింది. కిటికీలు తెరుచుకోవు. తెరుచుకునే కిటికీ అయితే ఖరీదెక్కువ, చవక కారుకి దండగ అన్నాడు మా ఆయన. అనుభవించనీ.

రా, ఇలా మందుల షాపు పందిరి కిందకి రా, తడుస్తున్నావు. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళున్నాయి, మాతే తాగుతావా? డ్యూటీలో కూడదా. సరే, నేను తాగుతాను, నువ్వు విను. విన్నాక కూడా లారీనే పిలుస్తానంటే, నేనే ఫోను కలిపిస్తాను.

మా పేటలో పాత కార్ల సంఘం ఒకటుంది. ముసలాళ్ళంతా చేరి వాళ్ళ కార్లకంటే ముసలి కబుర్లు చెప్పుకుంటారు. ఉన్న కార్లు తుడిచి తుడిచి విసుగెత్తిందో ఏమో, ఈ ఏడాది లేని కార్లకి పోటీ పెట్టారు. అరవై తొమ్మిదో సంవత్సరంలో మన ఊళ్ళోనే ఎవరో ఒక చవక కారు తయారుచేసి ఉంటే ఎలా ఉండేది? అది ఊహించి, అసలు కారంత నమూనా కట్టాలి. సందుల్లో తిరగాలి, నలుగురు పెద్దవాళ్ళు పట్టాలి, బస్సు కండక్టరు కొనుక్కోగలగాలి. ఆ కాలంలో దొరకని సామానేదీ దాంట్లో కనపడకూడదు. ఇవాళ మధ్యాహ్నం ప్లాజాలో జడ్జీలు ఒక్కోదాంట్లో ఎక్కి కూచుని మార్కులేస్తారు.

ఎందుకని నన్నడక్కు. పెన్షనుకొచ్చిన మగాణ్ణి ఎందుకని అడక్కూడదు. నీకు పెళ్ళయిందా? ఇంకా లేదా. సర్లే, తొందరేముంది.

మా ఆయన హైస్కూల్లో డ్రాయింగు మేష్టారుగా చేసాడు. ఎవరికీ చెప్పకుండా పోటీకి పేరిచ్చొచ్చాడు. గోడకవతల మా బావగారు, కస్టమ్స్ ఆఫీసులో గుమాస్తాగా చేసిన మనిషి, ఆయనా ఎవరికీ చెప్పకుండా పేరిచ్చొచ్చారు. సంఘం కార్యదర్శి మిల్టన్ ఆ పేర్లు చూసాడు. ఇద్దరి ఇంటిపేరూ బెంతాంకూరే, ఇద్దరిదీ ఒకటే డోరు నెంబరు. ఓహో, అన్నదమ్ములు కలిసి కడుతున్నారు కాబోలనుకుని ఇద్దర్నీ కలిపి ఒకే పేరుగా రాసేసాడు. బోర్డు మీద కూడా అతికించాడు.

వాడికేం తెలుసు, ఆ అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవని.

ఎన్నాళ్ళనుంచా? పదేళ్ళు దాటింది. ఒకే ఇల్లు, మధ్యలో గోడ. ఆయనటు, మేమిటు. క్రిస్మస్‌కి టపాకాయలు కూడా ఎవరివి వాళ్ళే కాల్చుకుంటారు.

కారణం మళ్ళీ కారే. నిజం కారు. మా మావగారి బుల్లి వ్యాను. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆదివారం వస్తే ఆ వ్యానులో ఇంటిల్లిపాదినీ సముద్రానికి తీసుకెళ్ళేవారు. ఆయన పోయాక అది గుమ్మం ముందే తుప్పు పట్టింది. బాగుచేస్తా, బాగుచేస్తా అని మా ఆయన ఏళ్ళ తరబడి అన్నాడు. పానా పట్టుకున్న పాపాన పోలేదు. ఎలుకలు కాపరం పెట్టాయి. ఇరుగుపొరుగు అరిచారు. మా ఆయన పిత్తాశయం ఆపరేషనుకి ఆసుపత్రిలో ఉండగా, మా బావగారు తుక్కు కొనేవాణ్ణి పిలిచి ఇచ్చేసారు. ఈయన కుట్లతో ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు నూనె మరక, దాని మీద పడుకున్న పిల్లి.

ఆ సాయంత్రమే మా ఆయన మేస్త్రీని పిలిచి గోడ కట్టడానికి మాట్లాడాడు.

తప్పెవరిదంటావు? నేను చెప్పను. ఇద్దరి అన్నమూ నేను తిన్నాను.

పేర్లు విడగొట్టమని మిల్టన్‌ని అడిగి ఉంటే అయిపోయేది. అడగరు. మా ఆయన తప్పుకుంటే పోటీ అన్నగారిదవుతుంది, అన్న తప్పుకుంటే తమ్ముడిదవుతుంది. ఇద్దరూ బిగుసుక్కూచున్నారు. సరే కలిసే కడదాం అని కూడా అనలేదు. అనాలంటే మాట్లాడాలిగా. నాకు చెప్పారు.

నేను టెలిఫోను ఎక్స్చేంజిలో పనిచేసానమ్మా, తీగలు కలిపే ఉద్యోగం. చేసినన్నాళ్ళూ జనం మాట్లాడుకుంటే వినకూడదన్నారు. ఇప్పుడేమో నన్ను విని, మోసుకెళ్ళి, అప్పజెప్పమన్నారు.

మొదటి రోజే మా ఆయన, "ఆ కస్టమ్స్ మొద్దుకి చెప్పు, ముందు సగం నాది, వెనక సగం ఆయనది. ఆయన వెనక సీటు మనుషుల కోసం కడుతున్నాడా, ఉల్లిపాయల బస్తాల కోసమా, అడుగు" అన్నాడు.

అది పట్టుకెళ్ళి గోడవతల ఎలా చెప్పను? "బావగారూ, వెనక సీటు కాస్త వెడల్పుగా ఉంటే బాగుంటుందేమో అంటున్నాడు మీ తమ్ముడు" అన్నాను.

ఆయన నేను పట్టుకెళ్ళిన తమ్ముడి బొమ్మ చూస్తూ పెన్సిలు నమిలి, "మీ ఆయనకి చెప్పమ్మా, ఇన్నేళ్ళూ పిల్లలకి బొమ్మలు నేర్పి ఇప్పుడు కారు గీయమంటే పిల్లల బొమ్మే గీసాడని" అన్నారు.

ఇటొచ్చి, "బొమ్మ చాలా బాగుందన్నారు" అని చెప్పాను.

మా ఆయన మొహం నువ్వు చూడాల్సింది. పెన్షనొచ్చాక ఆ మొహంలో వెలుగు చూడ్డం అదే మొదలు. "నిజంగా అన్నాడా?" అన్నాడు. ఆ రాత్రి రెండో ప్లేటు నూడిల్స్ పెట్టించుకున్నాడు.

అలా అలవాటైపోయింది. ఇటు తిట్టు ఎత్తుకెళ్ళి అటు మెచ్చుకోలు దించేదాన్ని. ఒక్క వైపరు చాలు, పక్కన కూచున్నవాడికి వాన చూసే పనేమిటని ఈయన. పక్కన కూచునేది వీడి పెళ్ళామే కదా, అందుకే అలా అంటున్నాడని ఆయన. అది మాత్రం నేను మార్చకుండా చెప్పాను. రెండో వైపరొచ్చింది.

పేరు దగ్గర మాత్రం దొరికిపోయాను. ఈయన చింగోలో అంటాడు. పిచ్చుకలా బుల్లిది, ఎక్కడ పడితే అక్కడ వాలుతుంది అని. ఆయనేమో పోపులార్ అంటారు, జనం కొనే కారు కాబట్టి. ఇద్దరికీ ఎదుటివాళ్ళు ఒప్పుకున్నారనే చెప్పాను. ఏం చెయ్యను, అప్పటికి ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఈయన పాట పాడుకుంటూ రంపం కోస్తున్నాడు, అటు ఆయన కూడా అదే పాట, ఒక చరణం వెనగ్గా.

ఒకరోజు మా బావగారు తువ్వాలులో ఏదో చుట్టి గోడ మీంచి అందించారు. "ఇది బిగించుకోమను. ఎక్కడిదంటే తుక్కు బజార్లో దొరికిందని చెప్పు" అన్నారు. విప్పి చూస్తే స్టీరింగు చక్రం. ఎడమవైపు పగిలినచోట నల్ల టేపు చుట్టుంది. ఆ టేపు మా మావగారు చుట్టింది, నా కళ్ళముందే చుట్టారు. వ్యానుని తుక్కువాడికి ఇచ్చేముందు బావగారు అది ఊడదీసి దాచుకున్నారన్నమాట, ఇన్నేళ్ళూ.

మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. టేపు మీద బొటనవేలు పెట్టాడు. తుక్కు బజార్లో దొరికిందట అన్నాను. బిగించాడు. ఆ రోజు రంపం చప్పుడు లేదు.

నేను అంతకుమించి నోరు విప్పలేదు. ఆ ఒక్క సంగతి నా ద్వారా వెళ్ళకూడదనిపించింది.

తర్వాత రెండు సగాలూ వీధిలోకి తెచ్చి కలిపాం. కలిపితే ఏముంది, వెనక సగం ముందు సగం కంటే ఇంత వెడల్పు. ముందు పిచ్చుకే, వెనక మాత్రం గుడ్ల మీద కూచున్న కోడిపెట్ట. ఇద్దరూ చెరోవైపు నిలబడి చూసారు. నా వైపు చూసారు. ఇద్దరి చూపులకీ మధ్యలో నేను ఫ్లాస్కు మూత బిగిస్తూ నిలబడ్డాను. ఏంచేస్తారు, మేకులు కొట్టారు.

ఇవాళ పొద్దున బయల్దేరాం. తేలిగ్గా ఉంటానని నన్ను స్టీరింగు దగ్గర కూచోబెట్టి వాళ్ళిద్దరూ వెనకనుంచి తోసారు. చెరో మూలా పట్టుకుని, మొహాలు చెరోవైపు పెట్టుకుని. జనం బాల్కనీల్లోంచి చప్పట్లు కొట్టారు. ఇక్కడికొచ్చేసరికి వాన. మా బావగారికి ఛాతీలో కఫం, తడవకూడదు. నేను దిగి, "ఎక్కండి ఇద్దరూ, వాన తగ్గాక వెళదాం" అన్నాను. ఒకరెక్కితే ఇంకొకరు ఎక్కరు కదా. "రంగు పోతుంది, లోపల ఎవరో ఒకరు కూచుని పైకప్పు ఎత్తి పట్టుకోవాలి" అన్నాను ఒకరితో. "వెనక కారుతోంది, చూడండి" అన్నాను ఇంకొకరితో. ఎక్కారు.

ఇంతలో బస్సొస్తుందేమో, కాస్త పక్కకి జరుపుదామని తోసాను. ముందు చక్రం చెట్టు పాదులో దిగింది. తలుపు చెట్టుకి ఆనింది.

కావాలని చేసానా? ఏం ప్రశ్నలమ్మా ఇవి. చెట్టు కనపడిందా అంటే కనపడింది. అంత లావు చెట్టు కనపడదా ఏమిటి. ఇందాక ఎవరో ఇద్దరు ఆగి లాగిపెడతామన్నారు. అక్కర్లేదన్నాను. అదీ నిజమే. రాసుకుంటావా? రాసుకో.

లోపల ఇంతసేపూ చడీచప్పుడూ లేదు. ఒకాయన ముందుకి చూస్తూ, ఇంకొకాయన ఆయన మెడ చూస్తూ.

ఉండు. తుమ్మింది మా ఆయన. ఈ చెట్ల నూగు ఆయనకి పడదు, అక్టోబరులో వసంతం వస్తే చాలు. మళ్ళీ తుమ్మాడు.

విన్నావా? "చిరంజీవ" అన్నారు. మా బావగారే అన్నారు. అలవాటుకొద్దీ నోరుజారిందేమో. అయినా అన్నారు.

కదలకు. కారు రెండు సగాల మధ్య ఆ సందు దగ్గర చెవి పెడతాను. నీకు వినపడదులే, నేను చెబుతాను. ఈసారి ఉన్నదున్నట్టే చెబుతాను.

"ఈ స్టీరింగు ఏ బజార్లో దొరికింది?" అని మా ఆయన.

బావగారు దగ్గారు. మళ్ళీ మా ఆయనే.

"నాన్న చుట్టిన టేపు నేను పోల్చుకోలేననుకున్నావా?"

"పోల్చుకుంటావనే పంపాను." ఇది బావగారు.

"అది ఉందని అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు గోడ కట్టించావు. గోడకి చెప్పనా?"

ఉండు తల్లీ, కంట్లో ఏదో పడింది. ఈ నూగే. నూగు కాకపోతే వాన.

మా ఆయనంటున్నాడు, బాగుచేస్తానని అనడమే గానీ తనకి చేతకాదని తనకి తెలుసట. బావగారంటున్నారు, తుక్కువాడు వ్యాను లాక్కెళ్తుంటే కిటికీ మూసుకుని కూచున్నారట, చూడలేక. చూడు, ఇన్నేళ్ళూ ఇది అడ్డం పెట్టుకుని కూచున్నారు. నాకు చెప్పి ఉంటే ఒక్క సాయంత్రంలో మోసేదాన్ని.

ఏదీ, మా ఆయన ఇంకా ఏదో అంటున్నాడు. "అది సరే, వెనక అంత వెడల్పు ఎందుకు చేసావు?"

అమ్మో.

"నువ్వేగా వెడల్పు కావాలన్నావు."

"నేనా? ఉల్లిపాయల బస్తాలకా అనడిగాను."

"నాకలా చెప్పలేదే."

"మరి నా బొమ్మ చాలా బాగుందన్నావుగా."

"నేనెప్పుడన్నాను? పిల్లల బొమ్మ అన్నాను."

ఈ వరస నాకు నచ్చలేదమ్మా. లెక్కలు కడుతున్నారు. చింగోలో దగ్గరకొచ్చారు. పోపులార్ దగ్గరకొచ్చారు. నువ్వు ఒప్పుకున్నావందే అని ఒకరు, నువ్వు ఒప్పుకున్నావందే అని ఇంకొకరు.

విన్నావా, ఇద్దరూ ఒకే గొంతుతో నా పేరు పిలిచారు. ఇది నీకూ వినపడే ఉంటుంది, ఎదురుగా బేకరీలో వాళ్ళకి కూడా వినపడింది.

నిజంగా ఇప్పుడే లాగాలంటావా? లారీని పిలుస్తానన్నావుగా ఇందాక, ఏమైంది? మనసు మార్చుకున్నావా. సరే, ఎప్పటికైనా తప్పేదా. పట్టు, నువ్వటు, నేనిటు. ఆ కోడిపెట్ట భాగం పట్టుకో, అక్కడ మేకులు గట్టివి. ఒకటి, రెండు. ఇంకాస్త. చక్రం వచ్చింది. చాలు, చాలు, తలుపు తెరుచుకుంటుంది. నువ్వు కాస్త నా ముందు నిలబడు తల్లీ, యూనిఫాం ఉందిగా నీకు.

దిగుతున్నారు. చూడు, తమ్ముడు అన్నకి చెయ్యిచ్చి దింపుతున్నాడు. చెయ్యి పట్టుకున్నాడు, వదల్లేదు ఇంకా.

నా వైపు చూడరేం? ఒక్క తిట్టైనా తిట్టరేం? నీ వైపే వస్తున్నారు. నువ్వు చీటీ రాస్తున్నావుగా, అందుకు.

విన్నావుగా మా ఆయన మాట. "కారులో ఏ లోపమూ లేదు అధికారి గారూ. నడిపిన మనిషికి కారు ఆపడం చేతకాదు, అంతే." అని.

ఆయనేమన్నారు? "తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. ఆవిడకి మొదటినుంచీ చేతకాదు." మొదటినుంచీ అట. నేను ఈ జన్మలో స్టీరింగు పట్టుకుంది ఇవాళే.

అదిగో, తోసుకుంటూ వెళ్ళిపోతున్నారు. చెరో మూలా కాదు, ఇద్దరూ మధ్యలో పట్టుకుని, తలలు దగ్గర పెట్టుకుని. ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు కూడా. దేని గురించో నేను చెప్పగలను. రమ్మని కూడా అనలేదు. స్టీరింగు దగ్గర ఎవరూ లేకపోయినా తిన్నగానే పోతోంది చూడు దిక్కుమాలినది.

కానీ తల్లీ, రాసెయ్, నా పేరు మీదే రాసెయ్. జుల్మా. బండి పేరు దగ్గర నీ ఇష్టమొచ్చింది రాసుకో. కారణం అని ఉంటుందిగా ఆ గడిలో, అక్కడ మాత్రం వాళ్ళు చెప్పిందే రాయి. చేతకాదు అని. పదేళ్ళ పైన ఆ ఇద్దరూ కలిసి ఒప్పుకున్న మాట అదొక్కటే. నేనెందుకు కాదనాలి.